డెల్టా మండలం కరవు జాబితాలోకి ఎందుకు రాదు?

ప్రశ్న ఇది: "మాది కోనసీమలో ముమ్మిడివరం అవతల, కాలువ చివర ఉన్న చిన్న టౌను. ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను. దాళ్వాకు (రబీ వరికి) శివారుకి నీళ్లు అందలేదు. సగం మంది ఊడ్చనే లేదు, ఊడ్చినవాళ్ల చేలు ఎండాయి. నా ఖాతా బాకీలు అలాగే ఉండిపోయాయి. రాయలసీమలో మండలాలకు మండలాలే కరవు కింద ప్రకటిస్తారు కదా, మమ్మల్నెందుకు ప్రకటించరు? ప్రకటిస్తే నాలాంటి వ్యాపారికి ఏమైనా ఒరుగుతుందా?"

సూటిగా చెప్పేస్తానండి. ప్రకటించరు. ఒకవేళ ప్రకటించినా మీ కొట్టుకి నేరుగా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. మెట్టలోనూ, డెల్టాలోనూ మండలాఫీసుల్లో ఉన్నాను కాబట్టి కరవు ప్రతిపాదనలు ఎలా తయారవుతాయో, ఎక్కడ ఆగిపోతాయో తెలుసు. మీ ఎమ్మెల్యే అడగలేదనో, కలెక్టరు పట్టించుకోలేదనో కాదు. అసలు ఆ నిబంధనలే ఆకాశాన్ని చూసి రాసినవి. మీరు బతికేది కాలువ మీద.

కరవు ప్రకటనకు ఆధారం కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో తెచ్చిన కరవు నిర్వహణ మాన్యువల్. అందులో మొదటి మెట్టు వర్షం. మండలంలో వర్షపాతం మామూలు కంటే బాగా తగ్గాలి, లేదా వరసగా మూడు నాలుగు వారాలు పొడిగా పోవాలి. ఈ మెట్టు దాటితేనే రెండో మెట్టు. అక్కడ సాగు విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పైరు పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భ జలాల పరిస్థితి చూస్తారు. ఆ తర్వాత కొన్ని ఊళ్లు ఎంచుకుని పొలాల్లోకి దిగి నిజంగా పంట పోయిందా లేదా అని సరిచూస్తారు. ఖరీఫ్ అయితే అక్టోబరు నెలాఖరుకి, రబీ అయితే మార్చి నెలాఖరుకి ఈ తతంగమంతా అయిపోవాలి.

ఇప్పుడు మీ దాళ్వాని ఈ జల్లెడలో పోసి చూడండి. జనవరి నుంచి మార్చి దాకా కోనసీమలో మామూలుగానే వాన ఉండదు. లేని వానలో లోటు ఎంతని లెక్క కడతారు? దానికి ముందు, అక్టోబరు నవంబరుల్లో వాయుగుండం ఒకటి వచ్చి కుమ్మేసి ఉంటుంది. కాబట్టి మండలాఫీసు వర్షమాపకం లెక్కలో మీరు సుభిక్షంగానే ఉంటారు. మొదటి మెట్టు మీదే ఫైలు ఆగిపోతుంది.

ఎలాగో అది దాటినా ఇంకో గొళ్లెం ఉంది. దీని గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. మండలంలో సాగునీటి వసతి ఉన్న భూమి 75 శాతం దాటితే, తేలిన కరవు తీవ్రతని ఒక మెట్టు తగ్గించాలని మాన్యువల్లోనే ఉంది. అంటే 'తీవ్రం' అని తేలినది 'మధ్యస్థం' అవుతుంది, 'మధ్యస్థం' అని తేలినది మామూలు అయిపోతుంది. డెల్టా మండలమంటే రికార్డులో దాదాపు అంతా ఆయకట్టే, అంటే కాలువ కింద తడిసే భూమే. కాలువ ఉంది, తూము ఉంది, అడంగల్లో (ఊరి భూమి, పంటల లెక్కల పుస్తకంలో) 'గోదావరి కాలువ' అని రాసి ఉంది. ఆ కాలువలో నీళ్లున్నాయా లేదా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రం 103 కరవు మండలాలను ప్రకటించింది. అందులో ఎక్కువ భాగం సీమవే. ఆ జాబితాలో డెల్టా ఊళ్ల పేర్లు వెతకడం దండగ.

అలాగని సీమ వాళ్లకి ఇచ్చింది ఎక్కువైపోయిందని నేననడం లేదు. అక్కడి వేరుశనగ రైతు వానని తప్ప దేన్నీ నమ్ముకోలేడు, ఆ కొలమానం అతనికి సరిపోతుంది. అదే కొలమానం మీకు పెడితే తప్పుతుంది. ఎందుకంటే మీ కరవు పుట్టేది మీ మండలంలో కాదు. నాసిక్ నుంచి భద్రాచలం దాకా ఎక్కడ వాన తగ్గినా, పైన ఎక్కడ ఎంత ఆపుకున్నా, చివరికి గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర లెక్క తేలుతుంది.

ధవళేశ్వరం గురించి రెండు అంకెలు చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది బ్యారేజీని పెద్ద రిజర్వాయరు అనుకుంటారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసింది ఆనకట్ట. దాని బదులు కట్టిన ఇప్పటి బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది. దాని వెనక నిలిచేది 3 టీఎంసీలకు కాస్త తక్కువ. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ కలిపి 10 వేల క్యూసెక్కుల (సెకనుకి 10 వేల ఘనపుటడుగుల) చొప్పున వదిలితే, పైనుంచి చుక్క రాకపోతే, ఆ నీళ్లు మూడున్నర రోజులు కూడా రావు. ఆధారపడ్డ ఆయకట్టేమో 10 లక్షల ఎకరాల పైచిలుకు. దాళ్వా పూర్తిగా పండాలంటే 80, 90 టీఎంసీల దాకా కావాలి. నదిలో సహజంగా వచ్చేది సంక్రాంతి దాటాక సన్నగిల్లిపోతుంది. అప్పటి నుంచి డెల్టాని బతికించేది సీలేరు. ఒడిశాతో ఉమ్మడిగా ఉన్న బలిమెల జలాశయం నుంచి మన వాటా నీళ్లు సీలేరు, డొంకరాయి, మోతుగూడెం కరెంటు కేంద్రాల మీదుగా శబరిలోకి, కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తాయి. కరెంటు అవసరం ఎక్కువున్న రోజు టర్బైన్లు తిరుగుతాయి, నీళ్లు దిగుతాయి. లేని రోజు ఇరిగేషన్ వాళ్లు విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో వాళ్లకి ఉత్తరాలు రాసుకోవాలి, విద్యుత్తు తీయకపోయినా నీళ్లు వదలండని. మీ ఊరి చివరి మడి తడవడం అనేది అంత దూరం నుంచి నడిచొచ్చే వ్యవహారం. పోలవరం నిండితే ఈ లెక్క మారుతుంది. అందాకా ఇంతే.

కాబట్టి డెల్టాకి సంబంధించినంతవరకు అసలైన కరవు విధానం మాన్యువల్లో లేదు. అది ఏటా రబీకి ముందు జరిగే సాగునీటి సలహా మండలి సమావేశంలో ఉంది. దాన్ని అందరూ ఐఏబీ మీటింగ్ అంటారు. ఈ ఏడు ఎన్ని ఎకరాలకి నీళ్లు, ఏ తేదీకి ఊడ్పులు ఆపాలి, ఏ తేదీకి కాలువలు కట్టేస్తారు, వంతులు ఎప్పటి నుంచి, ఇవన్నీ తేలేది అక్కడే. నీళ్లు తక్కువని తేలిన ఏడు విస్తీర్ణం కోస్తారు, లేదా కోయకుండా అందరికీ ఇస్తామని చెప్పి ఫిబ్రవరిలో వంతులు పెడతారు. నా మటుకు నాకు రెండోదే ఎక్కువ అన్యాయం. మొదట్లోనే లేదంటే రైతు మినుము చల్లుకుంటాడు. ఇస్తామని పెట్టుబడి పెట్టించాక పొట్ట దశలో తడి తప్పితే, పోయేది పంట ఒక్కటే కాదు, మీ కొట్టు అరువు కూడా.

వంతులంటే కాగితం మీద చాలా న్యాయంగా ఉంటుంది: ఎగువకి ఇన్ని రోజులు, దిగువకి ఇన్ని రోజులు. దిగువ వంతు రాత్రి రెండు గంటలప్పుడు ఏ బ్రాంచి కాలువ గట్టు మీద నిలబడినా అసలు సంగతి తెలుస్తుంది. షట్టర్ దింపే ఉంటుంది, లస్కరు (కాలువ కాపలాదారు) తాళం వేసే వెళ్లుంటాడు. కానీ షట్టరు కింద గడ్డి మోపో, కొబ్బరి మట్టలో అడ్డంపడి జానెడు సందు ఉంటుంది. అందులోంచి నీళ్లు పోతూనే ఉంటాయి. వంద గజాలు అవతల మూడు ఆయిలింజన్లు కాలువలోకి గొట్టాలు దించి ఉంటాయి. వాటిలో ఒకటి వరి చేనుది, రెండు చేపల, రొయ్యల చెరువులవి. లస్కర్ల పోస్టులు ఏళ్ల తరబడి సరిగా నింపలేదు. ఉన్న ఒకడు సైకిలేసుకుని ఎన్ని కిలోమీటర్లు కాపలా కాస్తాడు? తెల్లారేసరికి శివారు తూము దగ్గర గేజీ మీద తడి మరక ఉంటుంది, నీళ్లుండవు. అప్పుడు రైతులు డ్రెయిన్లకి అడ్డుకట్టలు వేసి మురుగునీళ్లు తోడతారు. సముద్రం దగ్గరి మండలాల్లో ఆ డ్రెయిన్లలోకి పోటుకి ఉప్పునీరు ఎగదన్నుకొస్తుంది. ఆ నీళ్లు పెట్టిన చేను ఎర్రబారి చచ్చిపోతుంది.

ఇక పరిహారం. విపత్తు సాయం నిబంధనల్లో 33 శాతం, అంతకు మించి పంట నష్టపోతే పెట్టుబడి రాయితీ వస్తుంది. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన రేటు సాగునీటి భూమికి హెక్టారుకి 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500. రెండు హెక్టార్ల వరకే. అంటే మీ రైతుకి ఎకరాకి 7 వేలు కూడా పడదు, మొత్తం మీద 34 వేలు దాటదు. రాష్ట్రం తలచుకుంటే పైన కలపొచ్చు. 2024 వరదలప్పుడు వరికి హెక్టారుకి 25,000 ఇచ్చింది. అయితే ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది: ఈ డబ్బు పోయిన పంటకే. వెయ్యని పంటకి లేదు. నీళ్లు రావని ఊడ్చకుండా ఆగిపోయిన తెలివైన రైతుకి సున్నా, ఊడ్చి ఎండబెట్టుకున్నవాడికి ఎంతో కొంత ఆశ. పంటల బీమాలో 'విత్తలేకపోతే' ఇచ్చే పరిహారం ఉంది కానీ, అది వాతావరణం వల్ల ఆగిపోతేనే. ఐఏబీ మీటింగ్ తీర్మానం వాతావరణం కిందికి రాదు.

ఈ నష్టం మీ టౌనులోకి ఎలా దిగుతుందో చూడాలంటే కౌలు సంగతి తెలియాలి. మీకు తెలిసిందే, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. గోదావరి జిల్లాల్లో దున్నేవాడు చాలాచోట్ల భూమి గలవాడు కాదు. భూమి గలాయన హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటాడు, లేదా మీ టౌనులోనే మేడ మీద ఉంటాడు. సార్వా (ఖరీఫ్) పంట ఇంచుమించు మక్తాకే (కౌలుకే) పోతుంది. ఎకరాకి పాతిక ముప్పై బస్తాలు పండితే అందులో సింహభాగం ఆయనకి కొలవాలి, వరదో తుపానో వస్తే ఆ పాతికా అనుమానమే. దాళ్వా నలభై, యాభై బస్తాలు ఇస్తుంది. కౌలు రైతు చేతికి చిక్కేది, పిల్లల ఫీజులు, మీ బాకీ, కూతురి పెళ్లి, అన్నీ ఆ బస్తాల్లోంచే. అందుకే దాళ్వా తెగిన ఏడు నష్టం సగం కాదు. దున్నేవాడికి సంబంధించి మొత్తం ఆదాయం పోయినట్టే.

ఆ డబ్బు ఆగితే టౌనులో ముందు ఆగేది మీ ఖాతా పుస్తకం. తర్వాత రైసుమిల్లు. రబీ ధాన్యం రాకపోతే బాయిలరు వెలగదు, హమాలీలకు పని ఉండదు. కోత మిషన్లకి ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది. ట్రాక్టరు రిపేరు షెడ్డు, టీ హోటలు, బట్టల కొట్టు, చీటీలు, ఒకదాని వెనక ఒకటి. వడ్డీ వ్యాపారికీ బంగారం తాకట్టు కంపెనీకీ మాత్రం ఆ ఎండాకాలం గిరాకీ. 'పట్టణాల మీద కరవు ప్రభావం' అనే శీర్షిక ప్రభుత్వ నివేదికలో నాకెక్కడా కనబడలేదు. మంచినీళ్ల ట్యాంకర్ల ఖర్చు కింద ఒక పేరా ఉంటుంది, అంతే.

చిన్న టౌనుకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇంకోటుంది. కరవు ప్రకటించిన మండలాల్లో ఉపాధి హామీ కింద వంద రోజులకి పైన ఇంకో 50 రోజుల పని ఇవ్వడం ఇన్నాళ్లూ ఉన్న పద్ధతి. కానీ ఆ పథకం గ్రామాలకే. ముమ్మిడివరం, ఆకివీడు లాంటివి నగర పంచాయతీలు అయ్యాక, అక్కడి వ్యవసాయ కూలీ రోజూ అదే చేలో పనిచేసినా పట్టణవాసి కిందే లెక్క. ఊరు టౌను అయిందని బోర్డు మారుతుంది, ఆస్తి పన్ను పెరుగుతుంది, పని మాత్రం పోతుంది. నగర పంచాయతీ చేస్తామని వచ్చినప్పుడు వార్డుల్లో ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండేది.

మంచినీళ్ల సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. మీ వైపు బోరు వేస్తే ఉప్పే. టౌన్లకీ ఊళ్లకీ ఆధారం కాలువ కట్టేసే ముందు నింపుకునే వేసవి చెరువులు. నీళ్లు తక్కువున్న ఏడు కాలువ మార్చి నెలాఖరుకే కట్టేస్తామంటారు. అప్పుడు చివరి వారం నీళ్లు చేలకా, చెరువులకా అనే తగవు. ప్రభుత్వ నీటి విధానం ప్రకారం తాగునీరే ముందు, అందులో వాదన లేదు. కానీ ఆఖరి తడి అందక గింజ తాలయ్యే చేను పక్కనుంచే చెరువులోకి నీళ్లు పోతుంటే రైతుకి ఆ విధానం గుర్తురాదు. ఈ తగవుని ముందే తప్పించొచ్చు. జనవరిలో నీళ్లు బాగున్నప్పుడే చెరువులు ఒకసారి నింపి, చివర్లో పైపైన నింపుకుంటే చాలు. అలా చేసిన మున్సిపాలిటీలు ఉన్నాయి. చాలాచోట్ల చెరువు పూడిక తియ్యక, గట్టు తెగి, జనవరిలో నింపినా నిలవదు.

బ్యాంకు విషయం మీరు అడగలేదు గానీ మీకు ఎక్కువ పనికొచ్చేది అదే. ఆర్‌బీఐ 2018 మార్గదర్శకాల ప్రకారం పంట నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే పంట రుణాన్ని రెండేళ్లకీ, 50 దాటితే ఐదేళ్ల దాకానూ మార్చొచ్చు. మొదటి ఏడాది కట్టక్కర్లేదు. చేతివృత్తులవాళ్లు, చిన్న వ్యాపారులు తీసుకున్న రుణాలకి కూడా ఊరట ఇచ్చే వీలు అందులో ఉంది. కానీ ఇదంతా ప్రభుత్వం విపత్తు అని ప్రకటించి, జిల్లా బ్యాంకర్ల కమిటీ కూర్చుని తీర్మానం చేస్తేనే కదులుతుంది. కరవు ప్రకటన విలువంతా ఎకరాకి ఏడువేలలో లేదండి, ఈ ఒక్క తీర్మానంలో ఉంది. ప్రకటన లేకుండా మీ బ్రాంచి మేనేజరు మంచివాడైనా చేతులు కట్టేసినట్టే. మీ సీసీ లిమిట్ (కొట్టు మీద బ్యాంకు ఇచ్చిన వ్యాపార రుణం) గురించి మాత్రం ప్రకటనతో పనిలేకుండా విడిగా మాట్లాడుకోవచ్చు, కానీ గడువు దాటి తొంభై రోజులు అయ్యాక కాదు, ముందే వెళ్లాలి. బాకీల జాబితా, స్టాకు, ఏ ఊరి తూము కింద ఎంత ఇచ్చారో పట్టుకెళ్లండి.

ఆ 'ఏ తూము కింద' అన్న మాట ఊరికే అనలేదు. అరువు ఇచ్చేటప్పుడు మనిషిని చూసి ఇస్తాం, అతని చేను కాలువ మీద ఎక్కడుందో చూడం. మీ రైతుల పేర్ల పక్కన మొదటి తూము, మధ్య, శివారు అని రాసుకోండి. ఐఏబీ మీటింగ్ నాటికి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం, సీలేరులో నిల్వ పేపర్లలో వస్తాయి. అవి తక్కువగా ఉన్న ఏడు శివారు వాళ్లకి యూరియా అరువు తగ్గించి, మినుము, పెసర విత్తనం పెట్టుకోండి. సార్వా కోతల వేళ తేమ ఉండగా చల్లిన మాగాణి మినుముకి కాలువతో పెద్ద పనిలేదు. మీకు ఎరువుల అమ్మకం పడిపోతుంది, నిజమే. కానీ అమ్మి రాబట్టుకోలేని దానికంటే నయం కదా.

మీ దగ్గర కొనే కౌలు రైతులకి చెప్పాల్సింది ఒకటే: ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు ఎవరిది ఉంటే పరిహారం వాళ్లదే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల కార్డు వస్తుంది, భూమి గలాయన సంతకం కావాలి. హక్కు పోతుందేమోనని ఆయన భయం. ఆ చట్టంలో భూమి మీద కౌలుదారుకి ఏ హక్కూ రాదని స్పష్టంగా ఉంది, అది చూపించి ఒప్పించాలి. టౌనులో ఉండే భూమి గలాయనతో మాట్లాడ్డానికి కౌలు రైతు కంటే మీరే సరైనవాళ్లు. ఆయన మీ కొట్టు ముందే కాఫీ తాగుతాడు.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వానే మానేశారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. గిట్టుబాటు ధర, కూలీ, డ్రెయిన్లు, ఆలస్యంగా వచ్చే నీళ్లు, అన్నీ చర్చకొచ్చాయి. అప్పటి నుంచి గట్టిగా కదిలిందేమైనా ఉందంటే క్యాలెండరు ముందుకి జరపడం. జూన్ మొదట్లోనే నీళ్లిచ్చి, సార్వాలో 150 రోజుల స్వర్ణ బదులు తక్కువ కాలం రకాలు వేసి, డిసెంబరు కల్లా దాళ్వా ఊడ్చేస్తే మార్చి నీటి ఎద్దడి తాకకముందే గింజ గట్టిపడుతుంది. మారుటేరు వాళ్ల 1010, 1121 రకాలు 120 రోజుల చిల్లరలో వస్తాయి. వెదజల్లితే ఇంకొన్ని రోజులు కలిసొస్తాయి. నన్నడిగితే డెల్టాకి ఉన్న అత్యుత్తమ కరవు విధానం ఇదే. పైసా పరిహారం లేని విధానం, అయినా పనిచేస్తుంది. చెడేది ఎక్కడంటే, జూన్‌లో నీళ్లొదిలే తేదీకి కాలువ పనులు పూర్తికావు. కాలువలో పెరిగిన తూడు (నీటి కలుపు) తియ్యరు, కాంట్రాక్టరు మే చివర్లో మొదలుపెడతాడు. నెల జారుతుంది. ఆ జారిన నెలే తర్వాతి మార్చిలో మీ శివారు చేలో తేలుతుంది.

ఇంకో మార్పు నెమ్మదిగా జరుగుతోంది, అది వెనక్కి రాదు. దాళ్వా రెండేళ్లు వరసగా పోయిన శివారు చేను మూడో ఏడు రొయ్యల చెరువు అవుతుంది. మక్తా రెండు మూడింతలు వస్తుంది, భూమి గలాయన్ని తప్పుపట్టలేం. పక్క చేలోకి ఉప్పు ఊరి అదీ చెరువు అవుతుంది. వరి కింద పదిమంది చేసే పని చెరువు మీద ఇద్దరు చేస్తారు. భీమవరం లాంటి పెద్ద ఊరు దాన్ని తట్టుకుంది, ఐసు ఫ్యాక్టరీలు, మేత కంపెనీలు వచ్చాయి. మీలాంటి చిన్న టౌనుకి అవి రావు. రొయ్యల లారీ మీ సెంటర్లో ఆగకుండా పోతుంది.

ఇప్పుడు అర్జీ సంగతి. 'కరవు మండలంగా ప్రకటించండి' అని రాస్తే పైన చెప్పిన వర్షపాతం గడిలో పడి తిరిగొస్తుంది. దాని బదులు మూడు అడగండి. నీళ్లు అందని తూముల వారీగా సర్వే నంబర్లతో జాబితా తయారుచేయించి ఆ భూములకి నీటి తీరువా (నీటి పన్ను) మాఫీ చెయ్యమనండి. దాళ్వాకి ఎకరాకి 150 రూపాయలే, డబ్బు చిన్నది, కానీ నీళ్లివ్వలేదని ప్రభుత్వమే ఒప్పుకున్న రికార్డు అవుతుంది. ఆ రికార్డు మీద రాష్ట్ర నిధుల నుంచి పెట్టుబడి రాయితీ అడగొచ్చు, కేంద్రం మాన్యువల్‌తో పనిలేదు. జిల్లా బ్యాంకర్ల కమిటీ ఎజెండాలో ఆ ఊళ్ల పేర్లు పెట్టించండి. సాగునీటి సంఘం అధ్యక్షుడి సంతకం, వీఆర్వో, వ్యవసాయ సహాయకుడి పరిశీలన కాగితం జతచెయ్యండి. కోతలు మొదలయ్యాక వెళ్తే చూపించడానికి చేనులో ఏమీ ఉండదు కాబట్టి, ఎండిన పైరు నిలబడి ఉండగానే వాళ్లని పొలంలోకి తీసుకెళ్లాలి.